డబ్బాకు చెప్పుకున్న మాటలు

నా గొంతు కుండలోంచి వస్తున్నట్టుందని కంపౌండరు అందరి ముందూ అనేశాడు. అందరూ అంటే ఎంతమందిమి, ఐదుగురం. పన్నెండేళ్లుగా రోజూ పొద్దున ఏడింటికి ఎవరిళ్లలో వాళ్లం హామ్ రేడియో సెట్ల ముందు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. లైసెన్సులన్నీ సక్రమంగా ఉన్నవాళ్లమే గానీ ఒకరి మొహం ఒకరికి తెలీదు. అయినా ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేసినవాణ్ని, నా సెట్టు నా చేతులతో బిగించుకున్నవాణ్ని. నాకా చెప్పేది?

"నువ్వు మందుల పొట్లాలు కట్టుకో. రేడియో సంగతి నీకెందుకు?" అన్నాను.

"అది కాదు తమ్ముడూ, మైకు ఓసారి చూసుకోమన్నా, అంతే," అన్నాడు.

టక్కున సెట్టు కట్టేశాను. ఇక ఆ రోజంతా పరీక్షలే. పరీక్ష పేరుతో గాలిలోకి అరిచి నలుగుర్నీ విసిగించకూడదు కదా, అందుకని నా దగ్గర నూనె పోసిన డబ్బా ఒకటి ఉంది. బల్ల మీది మీట అటు తిప్పితే, మేడ మీది ఏరియల్‌కు పోవలసిన మాటంతా ఆ డబ్బాలోకి పోయి, ఉత్త వేడిగా మారి చస్తుంది. మైకు విప్పాను, తుడిచాను, బిగించాను. ఏ లోపమూ కనిపించలేదు. కనిపించకపోయేసరికి కోపం ఇంకాస్త పెరిగి, అన్నం కూడా తినకుండా పడుకున్నాను. తినమని బతిమాలేవాళ్లెవరున్నారు? నా భార్య పోయి నాలుగేళ్లయింది.

మర్నాడు ఏడింటికి హాజరు మొదలైంది. హాజరు వేసేది పోస్టాఫీసులో రిటైరైన ఒకావిడ, పోస్టమ్మ అంటాం. ఆవిడ ఒక్కొక్కరినీ పిలుస్తుంది, ఉన్నామని పలకాలి.

"లిఫ్టన్నయ్యగారూ, ఉన్నారా?"

"ఉన్నాను," అన్నాను, కాస్త బెట్టుగానే.

"అన్నయ్యగారూ?... లేనట్టున్నారండీ. ముందుకెళ్దాం."

ఓహో, వెలేశారన్నమాట! బతికున్న మనిషిని పట్టుకుని లేడనిపించేశారు. ఇదంతా కంపౌండరు ఆడిస్తున్న ఆటే అనుకున్నాను. రెండోరోజూ అంతే. మూడోరోజు మైకు మీది బొత్తాం నొక్కిపట్టి అందర్నీ కలిపి చెడామడా తిట్టాను. బొత్తాం వదిలి విందును కదా, పోస్టమ్మ తీరిగ్గా తన మోకాళ్ల నొప్పుల గురించి చెబుతోంది. ఎంత పొగరు!

ఐదోరోజుకు తిట్లు అయిపోయాయి. "సరే, తప్పు నాదేనన్నా. ఒక్కసారి పలుకు," అన్నాను కంపౌండరుతో. ఆ మాట నా భార్యతో కూడా ఏనాడూ అన్నవాణ్ని కాదు. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. ఫోను చేద్దామా అంటే నంబర్లు లేవు. రేడియో ఉండగా ఫోనెందుకని అప్పట్లో ఇవ్వనన్నది నేనే. ఏడు నుంచి ఎనిమిది దాకా వాళ్ల మాటలు వినడం, తర్వాత రోజంతా ఏ గొంతూ లేని ఇంట్లో తిరగడం. మనసులో ఏడుపే. అయినా మాట వెనక్కి తిరిగిరాకుండా పోతోందో లేదో చెప్పే సెట్టు మీది మీటరు ఎప్పుడూ లేనంత చక్కగా చూపిస్తుంటే, నా ఏరియల్ ఎంత బాగా కుదిరిందోనని సిగ్గులేకుండా మురిసిపోయాను కూడా.

తొమ్మిదోరోజు కంపౌండరు గొంతు బాగా బొంగురుపోయి ఉంది.

"ఇవాళ ఆస్పత్రిలో చేరుతున్నా," అన్నాడు. "గొంతులో గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేస్తారట. రేపటి నుంచి ఇక మాట ఉండదు. తమ్ముడూ, లిఫ్ట్ తమ్ముడూ, వింటున్నావా? నా మీద కోపముంటే ఉండనీ. ఒక్కసారి పలుకు. ఎనిమిదింటి దాకా ఇక్కడే ఉంటా."

"ఉన్నానన్నా! ఇక్కడే ఉన్నా!" అని గొంతు చించుకున్నాను.

బొత్తాం వదిలాను. "పలకడం లేదమ్మా," అంటున్నాడు పోస్టమ్మతో. "వాడికేమైనా అయ్యిందేమో. ఒంటరి మనిషి."

వెలేసిన వాళ్లు అలా మాట్లాడరు. అప్పుడు వెలిగింది నా బుర్ర. డబ్బా మీద చెయ్యి పెడితే చుర్రుమంది. తొమ్మిది రోజుల తిట్లూ, క్షమాపణా మొత్తం అదే తాగి కూర్చుంది! వినడానికి కిటికీకి కట్టిన తీగ వేరే ఉంది కాబట్టి వాళ్లు నాకు వినబడుతున్నారు, నేను వాళ్లకు లేను. డబ్బాకు కలిపితే ఏ మీటరైనా అంత చక్కగానే చూపిస్తుంది. తెలియక కాదు, తెలిసిన వెధవనే. మీట ఇటు తిప్పాను. ఎనిమిదికి ఇంకా పదిహేను నిమిషాలున్నాయి.

"అన్నా, నేను."

"ఓరి నీ దుంపతెగా! ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్లూ?"

"డబ్బాతో మాట్లాడుతున్నానన్నా. మీట తిప్పడం మర్చిపోయా."

పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి, చాలాసేపటికి గానీ ఆగలేదు.

మా సెట్లతో వచ్చిన చిక్కేమిటంటే, బొత్తాం నొక్కినంతసేపూ అవతలివాళ్లు వినబడరు. పన్నెండేళ్లలో అందరికంటే ఎక్కువసేపు నొక్కి పట్టుకున్నవాణ్ని నేనే. "నువ్వే చెప్పన్నా, నేను వింటా," అని వదిలేశాను.

చెప్పాడు. మందుల షాపులో మొదటిరోజు సీసా పగలగొట్టుకున్న సంగతి, కూతురికి లెక్కలు నేర్పబోయి తాను ఫెయిలైన సంగతి. పోస్టమ్మ గానీ, మిగతా ఇద్దరు గానీ అడ్డురాలేదు. కాసేపటికి చెప్పడానికేమీ మిగల్లేదు కాబోలు, ఎదురుగా ఉన్న దగ్గుమందు సీసా తీసి చదవడం మొదలుపెట్టాడు. "వాడేముందు బాగా కుదపవలెను. పిల్లలకు అందకుండా ఉంచవలెను... ఇంకా చదవమంటావేంట్రా?"

"చదువన్నా," అన్నాను.

చదివాడు. కంపెనీ చిరునామా దాకా వచ్చేసరికి అతని వెనకనుంచి కూతురి గొంతు లీలగా వినిపించింది. "నాన్నా, బండి వచ్చింది."

"వస్తున్నానమ్మా," అన్నాడు.

ఆ తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. అతని గొంతులో నేను విన్న ఆఖరి మాట అదే, అది కూడా నాతో అన్నది కాదు. బొత్తాం నొక్కి, "వెళ్లిరా అన్నా," అన్నాను. అప్పటికే సెట్టు కట్టేశాడో ఏమో, విన్నాడో లేదో తెలీదు.