తెర మీది ఊళ్ళ గాలి

రోజూ బడికి అందరికంటే ముందు వచ్చేది జిపారే. పొయ్యిలో బొగ్గు వేసి, ప్రొజెక్టరు మీది దుప్పటి తీసి, అద్దం తుడిచి, ఆ రోజు చెప్పబోయే పాఠం స్లైడ్లు ఒకసారి తిప్పి చూసుకునేది. బడి ల్యాప్‌టాప్ ముసలిదైపోయింది, దానికి చలి పడదు. అందుకని సాయంత్రం ఇంటికి తీసుకుపోయి, పొద్దున్నే కోటు లోపల పెట్టుకుని చంటిపిల్లను మోసినట్టు మోసుకొచ్చేది. దారిలో గొర్రెలు తోలుకెళ్ళేవాళ్ళు "బిడ్డ కులాసానా జిపార్?" అని వేళాకోళమాడేవాళ్ళు. "రాత్రంతా నిద్రపోనిస్తేగా!" అని తనూ నవ్వేది.

ఆత్‌బాషీ కొండల కిందున్న ఆ పల్లె బడిలో జిపార్ భూగోళం చెప్పేది. తెర మీద ఏ ఊరి బొమ్మ వేస్తే ఆ ఊరి గాలి గదిలోకి వచ్చేది. బొమ్మ ఎంత పాతదైనా సరే, గాలి మాత్రం ఆ పూటదే. గాలి మోయగలిగినవన్నీ దాంతోపాటే వచ్చేవి, వాసనలు, చప్పుళ్ళు, దుమ్ము, తుంపర. ప్రొజెక్టరు వచ్చిన కొత్తలోనే ఈ సంగతి ఊరందరికీ తెలిసింది, అందరికీ అలవాటైపోయింది. ఎడారి పాఠం రోజున పిల్లలు బూట్లు దులుపుకుని ఇళ్ళకెళ్ళేవాళ్ళు. గదులూడ్చే బూబూష్ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఏ దేశం మట్టి ఎత్తాలి నేను? రాయీ రప్పా లేని దేశాలు దొరకవా నీకు?" అని సణిగేది. చలికాలంలో సముద్రాలు చూపరాదు, నేలచెక్కలు ఉబ్బుతున్నాయి అని పెద్దమాష్టారు ఓమోర్బెక్ నోటీసు అంటించాడు. లెక్కల మాష్టారు కంప్యూటర్లో ఎప్పుడూ క్విజ్ ఆటలే పెట్టేవాడు. భిన్నాలకు గాలి ఉండదు గనక ఆయన క్లాసులో పిల్లలు హాయిగా కునుకు తీసేవాళ్ళు. ఒకసారి జిల్లా నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు జిపార్ పాఠంలో టోపీలు ఎగిరిపోతుంటే పట్టుకుంటూ కూర్చుని, గదిలో గాలీ వెలుతురూ తృప్తికరం అని రాసి, భోంచేసి వెళ్ళారు.

ఆ తనిఖీ తర్వాతే నరిన్ పట్నం నుంచి కబురొచ్చింది. అక్కడ టీచర్లకు స్లైడ్లతో పాఠం చెప్పడం నేర్పే కేంద్రం ఉంది, జిపార్‌ను అందులోకి రమ్మన్నారు. ఉండడానికి గది కూడా ఇస్తామన్నారు. కుదరదంది. మళ్ళీ అడిగారు. మళ్ళీ కుదరదంది. ఎందుకని ఓమోర్బెక్ అడిగితే, "ఇంట్లో పెద్దావిడ ఉంది కదా" అని ఊరుకుంది.

కానీ వెళ్ళాలనే ఉండేది ఆమెకు. పాఠం అయ్యాక పిల్లలు వెళ్ళిపోతే ఖాళీ గదిలో ఏదో ఒక రేవు పట్నం బొమ్మ వేసుకుని, ఎవరివో అరుపులూ ఓడల కూతలూ వింటూ కాసేపు నిలబడేది. ప్రపంచంలోని ఊళ్ళన్నీ వేసింది గానీ ఒక్క ఊరు ఎప్పుడూ వేయలేదు. రష్యా పాఠంలో ఆ స్లైడు వచ్చేసరికి బొటనవేలు రెండుసార్లు నొక్కి దాటించేసేది.

"అక్కా, యాకుట్స్క్ ఎగిరిపోయింది!" అనేవాళ్ళు పిల్లలు.

"చలికి మీ ముక్కులు ఊడిపడతాయర్రా. చదువుకోండి చాలు."

ఆమె మొగుడు నుర్దిన్ యాకుట్స్క్‌లో ఉన్నాడు. పెళ్ళైన రెండో చలికాలం అక్కడికి పనికెళ్ళాడు. మొదట్లో డబ్బూ కబుర్లూ వచ్చేవి, తర్వాత కబుర్లే వచ్చాయి, తర్వాత అవీ లేవు. ఒకరోజు జిపార్ కొట్టంలో పాలు పితుకుతుంటే ఫోన్ మోగింది. తను అక్కడే ఒకామెతో ఉంటున్నానని, కూతురు పుట్టిందని, ఇక రానని చెప్పాడు. జిపార్ పాలు పితకడం పూర్తిచేసి, బకెట్టు తీసుకుని లోపలికొచ్చి, అత్తగారు సలైకాతో, "మీ అబ్బాయి ఫోన్ చేశాడు. కులాసాగా ఉన్నాడట. ఊపిరాడనంత పనట" అంది. ఆ మాటే కొన్నేళ్ళుగా తిప్పి తిప్పి చెబుతూ వచ్చింది. పండగొచ్చినప్పుడల్లా బజారులో ఎండు ఆప్రికాట్లు కొని, మీ అబ్బాయి ఎవరి చేతో పంపించాడని అత్తగారి ఒళ్ళో పెట్టేది. సలైకా ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలేది. ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు. నిజం చెప్పేసి వెళ్ళిపోదామని జిపార్ అనుకోని రోజు లేదు. ఆ నమిలే నోటిని చూసి, చెప్పకుండానే ఇంకో పండు అందించేది.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, పిల్లలు వెళ్ళిపోయాక, సలైకా బడికి వచ్చింది. మంచులో అంత దూరం నడిచొచ్చినందుకు ఆయాసపడుతూ మొదటి బెంచీలో చతికిలబడి, చేతిగుడ్డ మడతలు విప్పి ఒక ఫోటో తీసింది. నుర్దిన్ వెళ్ళిన ఏడాది పంపినది. నాలుగంతస్తుల ఇంటి గేటు ముందు టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు.

"దీన్ని నీ తెర మీద వెయ్యి అమ్మాయ్. నా కొడుకుండే ఊరి గాలి ఒకసారి పీల్చి పోతాను."

జిపార్ ప్రొజెక్టరు మీద చెయ్యి పెట్టి గబుక్కున తీసేసింది. "బల్బు వేడెక్కిపోయింది అత్తమ్మా. రేపు వేస్తాను."

"పొయ్యి ఆరిపోయి నేను వణుకుతుంటే నీ బల్బు వేడెక్కిందా?"

"కాగితం ఫోటోలు ఎక్కవు దీంట్లో."

"నిన్న బూబూష్ మనవడు వాళ్ళ గుర్రం ఫోటో ఎక్కించుకున్నాడట. గదంతా లద్దె కంపు కొట్టిందని అదే చెప్పింది. గుర్రం ఎక్కుతుంది, నా కొడుకు ఎక్కడా?"

ఇక తప్పించుకునే దారి లేదు. జిపార్ ఫోటోకి ఫోన్లో ఫోటో తీసి, దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపి, కొత్త స్లైడు తెరిచి అందులో పెట్టింది. ఎంత నెమ్మదిగా చేసినా ఆ పని ఎంతసేపని పడుతుంది! అతను ఇల్లు మారి ఉంటే బాగుండు, వీధిలో ఎవరూ లేకుండా ఉంటే బాగుండు అని మొక్కుకుంటూ మీట నొక్కింది.

చలి నేల మీదుగా వచ్చి కాళ్ళు పట్టుకుంది. బెంచీల ఇనప కాళ్ళు తెల్లబడ్డాయి. పెట్రోలు వాసన, ఎవరింట్లోనో చేప వేయిస్తున్న వాసన. సలైకా కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చింది. ఆ తర్వాత మంచు మీద చెక్కబండి ఈడుస్తున్న చప్పుడు, కిలకిలమని ఒక పాప నవ్వు. రష్యన్‌లో ఏదో అడుగుతోంది, నాన్నా నాన్నా అంటోంది. బండి లాగే మనిషి రొప్పుతూ ఈల వేస్తున్నాడు. గొర్రెల్ని మళ్ళేసేటప్పుడు కొండ మీద వేసే ఈల. ఈల ఆపి, పాపతో అచ్చంగా తన సొంత భాషలో అన్నాడు:

"గట్టిగా పట్టుకోవే నా ఒంటెపిల్లా!"

ఇక్కడి తల్లులు బిడ్డల్ని ముద్దుచేసే మాట అది. మీసాలొచ్చిన కొడుకుని కూడా సలైకా అలాగే పిలిచేది, స్నేహితుల ముందు వాడు సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఆ గొంతు వింటే కోపం వస్తుందనుకుంది జిపార్. రావాలని ఇన్నేళ్ళూ ఎదురుచూసింది కూడా. వచ్చింది బెంగ ఒక్కటే, మొదటి ఏడాది ఎంత ఉండేదో అంతా. ఐనా తనను తాను తమాయించుకుని గబగబా, "ఎవరో దారిన పోయేవాళ్ళు అత్తమ్మా. మనవాళ్ళు చాలామంది ఉన్నారట అక్కడ" అంది.

"ఇక చాల్లే అమ్మాయ్," అంది సలైకా కళ్ళు తెరవకుండానే. "నాకు నీకంటే ముందే తెలుసు. వాడు మొదట నాకే చేశాడు ఫోను. కోడలికి నువ్వే చెప్పమ్మా అన్నాడు, పిరికి వెధవ. నేను చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వెళ్ళిపోతావని."

జిపార్ బెంచీలో ఆమె పక్కన కూలబడింది. "మరి ఆ ఆప్రికాట్లు..." అంది.

"బజారువని తెలీకనా! నాకేం ఇష్టమో వాడికి ఎప్పుడు తెలుసు గనక." సలైకా నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. "నరిన్ వాళ్ళు అడిగితే కాదన్నావని ఓమోర్బెక్ చెప్పాడు నాకు. అప్పట్నుంచీ చూస్తున్నాను, వెళ్ళవే అని నోటితో అందామని. టీ పోస్తూ నువ్వు ఎదురుగా కూర్చునేసరికి ఇంకో కప్పు పొయ్యవే అనేస్తున్నాను. సరే, నేను చెప్పలేనిది ఆ గాలే చెబుతుందిలే అని వచ్చాను."

"మీరొక్కరూ ఎలా ఉంటారు?"

"బూబూష్ వాగుడు వింటూ ఉంటాను. అది చాలదూ?"

గాలికి జిపార్ తల మీది రుమాలు ఎగురుతోంది. కొత్త కోడలు గడపలోకి వచ్చిన రోజున తెల్ల రుమాలు తెచ్చి తలకు కట్టేది అత్తగారే. దాన్ని విప్పే హక్కూ ఆమెదేనని ఆ పల్లెలో అనుకుంటారు. సలైకా చేతులు చాచి, గడ్డం కింది ముడి వెతుక్కుంది. వేళ్ళు కొంకర్లు పోయి కాసేపు ముడి రాలేదు. జిపార్ సాయం చెయ్యబోతే చెయ్యి తోసేసింది. చివరికి ముడి విప్పి, రుమాలు తీసి మడిచి, తన ఒళ్ళో పెట్టుకుంది.

"కోడలు వెళ్తే ఇల్లు వదిలేసి పోయిందంటారు. నువ్వు నా కూతురిలా వెళ్ళు. కూతుళ్ళు సెలవులకు పుట్టింటికొస్తారు. రేపే ఫోన్ చెయ్యి వాళ్ళకి."

"చేస్తానమ్మా," అంది జిపార్. అంతవరకూ ఎప్పుడూ ఆమెను అలా పిలవలేదు.

జుట్టు మొహం మీద పడుతుంటే వెనక్కి తోసుకుంటూ, కళ్ళు తుడుచుకుని, తెర ఆపడానికి లేచింది. సలైకా ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

"ఆగవే. ఆ పిల్ల ఇంకా నవ్వుతోంది."