మూట కోసం ఎవరొచ్చారు

నేను ఒక బాలీసును. దయచేసి దిండు అనకండి. దిండు పొట్టిది, తలకింద పడి నలుగుతుంది. నేను మనిషి పక్కన పడుకుంటే భుజం నుంచి మోకాలు దాటేదాకా వచ్చే పొడుగుదాన్ని. ఒకప్పుడు గుండ్రంగా, నిండుగా, చూడముచ్చటగా ఉండేదాన్ని. ఇప్పుడు స్టోరు గదిలో, కాలు విరిగిన మంచానికీ సున్నం డబ్బాలకీ మధ్య గోడకు చేరగిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళూ అందరూ నా మీద చేరగిలబడ్డారు, ఇప్పుడు నా వంతు వచ్చింది.

నా ఒంట్లో ఉన్నది బూరుగు దూది. పరుపుల కొట్టులో మీరాబీ అనే ఆవిడ దాన్ని ఎండబెట్టి, కర్రతో కొట్టి, గింజలు ఏరి నన్ను కుట్టింది. పని నేర్చిన మనిషే కానీ ఆ రోజు ఎవరితోనో కబుర్లాడుతూ ఒక గింజ వదిలేసింది. అది నా లోపలే ఉండిపోయింది. పైనుంచి నొక్కితే వేలికి తగులుతుంది. ఆ గింజ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నన్ను చేయించుకున్నది వరహాలశెట్టి అనే బియ్యం వ్యాపారి. పేకాట ఆడేటప్పుడు మోచెయ్యి ఆనించుకోవడానికి ఆయనకు నేను కావలసి వచ్చాను. ఓడిన రోజున నన్ను గుద్దేవాడు, గెలిచిన రోజున నా మీద పడి నిద్రపోయేవాడు. ఆయన ముక్కుపొడుం వాసన వదలడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. ఇంట్లోకి స్పాంజి పరుపులు వచ్చాక నేను అడ్డమయ్యాను. పిల్లికి బిచ్చం పెట్టడని పేరున్న మనిషి, పుట్టినరోజు నాడు నన్నూ, రెండు పాత దుప్పట్లనూ, ఒక బీరువానూ తెచ్చి గర్భిణుల విడిదికి దానం ఇచ్చాడు. ఫోటో తీశారు. అందులో శెట్టిగారూ దండా పడ్డారు, నేను పడలేదు.

విడిది అంటే కొండకింద ఆస్పత్రికి ఎదురుగా ఉన్న పెంకుటిల్లు. పైనున్న ఊళ్ళకు అప్పట్లో రోడ్లు లేవు. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి మోసుకు రావాలి. దారిలో గెడ్డ, అంటే కొండవాగు, పొంగితే ఆ డోలీ కూడా దాటదు. అందుకని నెలలు నిండే ముందే ఆడవాళ్ళను కిందికి దింపి, కాన్పు దాకా ఇక్కడ ఉంచేవారు. కూడు పెట్టేవారు, వారానికోసారి ఎదురుగా ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించేవారు. కష్టం ఏమీ లేదు, ఒక్క ఒంటరితనం తప్ప. ఒకామెకు కొండమీద వదిలిన మేకల మీద బెంగ. ఒకామెకు అత్త దగ్గర వదిలిన పెద్దపిల్ల మీద బెంగ. మొగుళ్ళు సంతకు దిగిన రోజున వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, నా మీద కూర్చుని బీడీ కాల్చి వెళ్ళిపోయేవారు. మగవాళ్ళకు కూర్చోవడానికి మంచమూ బల్లా ఉండగా మెత్తనిదే ఎందుకు కావాలో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ అరుగు మీద చేరేవారు. వాచిన కాళ్ళు చాపుకుని ఒకరి నడుముకు ఒకరు నూనె రాసేవారు, ఒకరి తల ఒకరు దువ్వేవారు. గుండెల్లో మంటకు ఏం తినాలి, పిక్కలు పట్టేస్తే ఎలా తియ్యాలి, ఉమ్మనీరు పోతే ఎలా తెలుస్తుంది, అన్నీ అక్కడే తెలిసేవి. మొదటిచూలు పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు. నాలుగు కాన్పులు చూసినామె అక్కడ జిల్లా కలెక్టరుతో సమానం.

ఎడమ పక్కకు తిరిగి పడుకోమని ఆస్పత్రి సిస్టరమ్మ చెప్పింది కాబట్టి నాకు గిరాకీ వచ్చింది. మోకాళ్ళ మధ్య నన్ను పెట్టుకుని, పొట్ట నా మీద ఆనించుకుంటే నడుంనొప్పి తగ్గేది. ఉన్నది నేనొక్కదాన్నే. అందుకని వాళ్ళే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరికి కాన్పు దగ్గర పడితే బాలీసు వాళ్ళది. నొప్పులు మొదలై ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు నన్ను తన చేత్తో తర్వాతి ఆమె చేతిలో పెట్టి వెళ్ళాలి. తీసుకునేది రెండు చేతులూ చాపి తీసుకోవాలి. చేతి నుంచి చేతికి మారితే సుఖప్రసవం కూడా అలాగే మారుతుందని వాళ్ళ నమ్మకం. ఈ గౌరవం నాకు శెట్టిగారింట్లో ఎప్పుడూ దక్కలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. బిడ్డను కన్న పురిటి మనిషి తిరిగి విడిది గుమ్మం తొక్కదు. ఆమె బట్టల మూట కోసం మొగుడో అత్తో వస్తారు. అందువల్ల ఎందరి పొట్టల్లోని తన్నులో నాకు తెలుసు కానీ, ఒక్క బిడ్డ ముఖమైనా నేను చూడలేదు. మూట కోసం ఆ మనిషే స్వయంగా వచ్చిందంటే, బిడ్డ దక్కలేదనే, ఇక అడగాల్సింది ఏమీ ఉండదు.

చిన్నాలమ్మ అలా వచ్చింది.

ఆమెది మొదటిచూలు. నవ్వితే కళ్ళు మూసుకుపోయే పిల్ల. నా లోపలి గింజను మొదట కనిపెట్టింది ఆమే. పడుకున్నంతసేపూ వేలితో దాన్ని అటూ ఇటూ జరుపుతూ, కడుపులోని వాడితో గొణుగుతూ ఉండేది. వాడు గట్టిపిండం. పొట్ట నాకు ఆనగానే తన్నేవాడు. ఒక రోజు తన్నలేదు. మర్నాడూ తన్నలేదు. నాకు దూది చల్లబడినట్లయింది. చిన్నాలమ్మకూ తెలిసింది. అరుగు మీదకు వెళ్ళి అడిగింది. అక్కడున్న పెద్దామె నవ్వి, ప్రేమగా తల నిమిరి చెప్పింది.

"నిండుకుండ తొనకదు గదే పిల్లా! నెల్లు నిండిన గుంటడు కూడా అంతే. సర్దుకున్నాడు. బెంగెట్టుకోకు."

సామెత మంచిదే. పెద్దమనిషి గురించి చెప్పిన మాట అది, పిండం గురించి కాదు. కానీ ఆ మాట వినగానే చిన్నాలమ్మ ముఖం తేటపడింది. భయపడ్డ మనిషికి ధైర్యం చెప్పేవాళ్ళ మీద ఎంత నమ్మకమో! తిరిగి వచ్చి నన్ను పొట్టకు ఆనించుకుని, తొణకని కుండను చూసుకుని మురుస్తూ పడుకుంది. నాకు నోరు లేదు. ఉంటే ఆ రోజు పెంకులు ఎగిరిపోయేలా అరిచేదాన్ని.

వారపు పరీక్షకు వెళ్ళిన మనిషి అక్కడే ఉండిపోయింది. కొన్నాళ్ళకు గుమ్మంలో నిలబడింది, ఖాళీ పొట్టతో. ఆమె లోపలికి వచ్చి మూట కట్టుకుంది. తర్వాత నన్ను రెండు చేతులతో ఎత్తుకుని, వరుసలో తర్వాతి ఆమె ముందు నిలబడి చాచింది. కట్టుబాటు కదా, తన వంతు తాను చేస్తోంది.

ఆ చేతులు లేవలేదు. ఆమె చెడ్డది కాదు, కడుపుతో ఉంది, భయపడింది. చిన్నాలమ్మ నన్ను మంచం మీద పెట్టి, మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత నన్ను ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ వంటావార్పూ చూసే ఆయమ్మ అప్పలనర్సమ్మ నా గలీబు ఉతికి, ఎండబెట్టి, మళ్ళీ తొడిగి నన్ను బీరువా మీద పడేసింది. శెట్టిగారి బీరువా మీద శెట్టిగారి బాలీసు. కింద మాటలు వినిపించేవి, నవ్వులు వినిపించేవి. నా మీద దుమ్ము పడేది. ఒంటరితనం గురించి మనుషులు చాలా మాట్లాడతారు. తన వల్ల కాని చావుకు తనను తప్పించి నడిచేవాళ్ళను రోజూ పైనుంచి చూస్తూ ఉండటం ఎలా ఉంటుందో నన్ను అడగండి.

రెండు మూడు వానాకాలాలు గడిచాయి. ఒక జల్లు పడే పొద్దున చిన్నాలమ్మ మళ్ళీ వచ్చింది, నిండు నెలలతో. నవ్వడం మానేసిన మనిషిని చూసి మొదట గుర్తుపట్టలేదు. కిటికీ పక్క మంచం అడిగి తీసుకుంది. తలెత్తి బీరువా మీదకు చూసింది.

"నర్సమ్మప్పా, ఆ బాలీసు దింపీ."

"ఓలమ్మా, అదెందుకే నీకు? రెండు తలగడలు ఇస్తాను ఉండు."

"నాకదే కావాల."

దింపింది. చిన్నాలమ్మ దుమ్ము దులిపి, పక్కన పడుకోబెట్టుకుని వేళ్ళతో వెతికింది. గింజ దొరికింది. అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, నా గలీబు తడిసేదాకా ఏడ్చింది. నేనూ ఏడ్చాననే అనుకోండి.

ఆమె అరుగు మీదకు వెళ్ళేది కాదు. తన సంగతి అందరికీ తెలుసు. ఈమె నీడ తమ కడుపు మీద పడుతుందేమోనని వాళ్ళకు భయం, పడుతుందని వాళ్ళు అనుకుంటారేమోనని ఈమెకు భయం. అన్నం తినగానే ఎడమ పక్కకు తిరిగి, చెయ్యి పొట్ట మీద వేసుకుని కదలిక కోసం చూసుకునేది. ఈ బిడ్డది వేరే తీరు. గట్టిగా తన్నదు, కాలు చాపి మెల్లగా తోస్తుంది. అలా తోసినప్పుడల్లా చిన్నాలమ్మ ఊపిరి వదిలేది. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఆమెకు ఒక బాలీసు ఉంది. పక్కనే అరుగు నిండా ఆడవాళ్ళు ఉండగా!

ఒక మధ్యాహ్నం అరుగు మీద నుంచి పారమ్మ గొంతు వినిపించింది. మొదటిచూలు పిల్ల, చిన్నవయసు.

"అప్పా, నిన్న సాయంత్రం కాణ్ణించి నా కడుపులో గుంట కదల్నేదు. అలగే ఉంటాదా?"

నాలుగో కాన్పుకు వచ్చిన తవిటమ్మ ఆ రోజుల్లో అక్కడి కలెక్టరు. పారమ్మ కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తూ చెప్పింది.

"మరేటి! నిండుకుండ తొనకదు. నీకేటి, మారాజులా ఉన్నావు."

చిన్నాలమ్మ వేలు గింజ మీద ఆగిపోయింది. ఆమె గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. లేచి వెళ్ళి చెబితే, ఒకవేళ ఆ బిడ్డకు అప్పటికే ఏదైనా అయి ఉంటే, ఈమె నోటి వల్లే అయిందంటారు. ఈమె ముఖం ఇక కొండమీదైనా కిందైనా ఎవరూ చూడరు. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరు. మనుషులు ఇలాంటి చోట పక్కకు తిరిగి పడుకుని నిద్ర నటించడం నేను చాలాసార్లు చూశాను. అందుకు పనికొచ్చేదాన్ని నేనే కదా.

చిన్నాలమ్మ లేచింది. నన్ను చంకన పెట్టుకోవడం మరిచిపోయి చేత్తో ఈడ్చుకుంటూ అరుగు మీదకు వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు దగ్గరికి లాక్కున్నారు.

"ఆ మాట నాకూ సెప్పినారు," అంది. "నాను నమ్మినాను. నమ్మి రెండ్రోజులు తొంగున్నాను. పారమ్మా, లెగు. ఆస్పత్రికి ఎల్దాం."

"ఓలి, దాన్ని బెదరగొట్టేత్తన్నావు," అంది తవిటమ్మ. "దాని మొగుడు రానీ."

"మొగుడు వొచ్చీసరికి ఏటుంటాదో నాకు తెలుసు. మీకు తెల్దు. నన్ను తిట్టుకోండి, పర్నేదు. లెగు పిల్లా, బేగి."

పారమ్మ తవిటమ్మ ముఖం చూసింది, చిన్నాలమ్మ ముఖం చూసింది. ఏం కనిపించిందో మరి, చెయ్యి చాపింది. ఇద్దరు నిండు గర్భిణులు ఒకరినొకరు పట్టుకుని వానలో రోడ్డు దాటారు. నేను అరుగు మీదే పడి ఉన్నాను, ఒక చివర జల్లుకు తడుస్తూ. నన్ను తీసేవాళ్ళు లేరు. తవిటమ్మ నూనె చేతులు ఒళ్ళో పెట్టుకుని గేటు వైపు చూస్తూ కూర్చుంది.

చీకటి పడకముందే ఆయమ్మ కబురు తెచ్చింది. పేగు మెడకు చుట్టుకుందట. కోసి తీశారట. మగబిడ్డ. ముందు ఏడవలేదట, తర్వాత ఏడ్చాడట. ఆ మాట విని తవిటమ్మ నన్ను ఎత్తి, నీళ్ళు పిండి, లోపలికి తెచ్చి చిన్నాలమ్మ మంచం మీద పెట్టింది. చిన్నాలమ్మ తిరిగి వచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మనుషులకు క్షమించమని అడగడం కంటే ఒకరి కంచంలో ఇంకో గరిటె పప్పు వెయ్యడం సులువు. ఆ పూట నుంచీ వేసేవారు.

అయినా ఆమె అరుగు మీదకు వెళ్ళలేదు. అలవాటు తప్పిపోయింది.

ఒక పొద్దున ఆమెకు నొప్పులు వచ్చాయి. మంచం పట్టె పట్టుకుని లేచింది. నన్ను ఎత్తింది, ఒక్క క్షణం గుండెకు హత్తుకుంది, వేలితో గింజను తడిమింది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా నన్ను మంచం మీద పెట్టి గుమ్మం వైపు నడిచింది. చాపిన చేతులు వెనక్కి రావడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

"ఓలమ్మీ, ఆగు!"

తవిటమ్మ. తర్వాతి వంతు ఆమెదే. పెద్ద పొట్టేసుకుని ఎదురొచ్చి, రెండు చేతులూ చాపి నిలబడింది.

"అలగ మంచమ్మీదెట్టీసి ఎల్లిపోతే నానెలాగ తీసుకుంటాను? నా సేతికియ్యి."

చిన్నాలమ్మ వెనక్కి వచ్చింది. ఒక నొప్పి వచ్చి వంగిపోయింది, అది తగ్గేదాకా తవిటమ్మ ఆమెను పట్టుకుంది. అప్పుడు నేను ఆ చేతుల నుంచి ఈ చేతులకు మారాను. ఆమె గుమ్మం దాటింది. నేను గుమ్మం దాటను.

ఇక మిగిలింది ఎదురుచూపు. ఆమె మూట కిటికీ పక్క మేకుకు వేలాడుతోంది. గేటు చప్పుడైతే అరుగంతా తలెత్తేది. పాలవాడు వచ్చాడు, నీళ్ళావిడ వచ్చింది. తవిటమ్మ పడుకుంటే నన్ను పొట్టకు ఆనించుకునేది కానీ చూపు మూట మీదే ఉండేది. నాకు చిన్నాలమ్మను చూడాలని ప్రాణం కొట్టుకుంది. వచ్చి నన్ను ఇంకొక్కసారి తడిమితే చాలనిపించింది. మరుక్షణమే నన్ను నేను తిట్టుకున్నాను. ఆమె ఈ గుమ్మంలోకి రావడమంటే ఏమిటో నాకు తెలియదా?

ఆమె రాలేదు. ఒక సాయంకాలం బక్కగా, పొడుగ్గా ఉన్న మనిషి గేటు దగ్గర చెప్పులు విడిచి సిగ్గుపడుతూ నిలబడ్డాడు. ఆమె మొగుడు సోములు.

"మా ఆడమనిషి మూటుందంట," అన్నాడు.

అరుగు మీద అందరూ ఒక్కసారి లేచారు. తవిటమ్మ మూట తెచ్చి అతని చేతిలో పెట్టి, అప్పుడు అడిగింది.

"ఏ గుంట?"

"ఆడగుంట. కాలు చాపి మెల్లగా తోత్తాది తప్ప తన్నదు," అని నవ్వాడు.

ఆ కాలు నాకు తెలుసు. ముఖమే తెలియదు.

తర్వాత చిన్నాలమ్మ ఊరికి రోడ్డు పడిందట, అంబులెన్సు గుమ్మం దాకా వెళుతోందట. అక్కడి వాళ్ళకు ఇక విడిదితో పని లేదు. నా దూది ఉండలు కట్టింది, గలీబు చిరిగింది, నన్ను విడిదిలోనే ఈ స్టోరు గదికి చేర్చారు. గింజ ఇంకా ఉంది కానీ తడిమేవాళ్ళు లేరు. ఈ గది తలుపు ఎప్పుడో గాని తెరుచుకోదు. తెరుచుకున్నప్పుడల్లా ఆమేనేమో అని చూస్తాను. ఆమె కాదు. అమ్మయ్య అనుకుంటాను.