కారుకి కొలతలు

కుట్టుమిషను గడగడల మధ్య, వెనకనుంచి మామగారన్న మాట దర్జీ చెవిలో ఇలా పడింది.

"అల్లుడూ, ఒక్కసారి స్వర్గం చూడాలనుందయ్యా."

దర్జీ కాలు పెడలు మీద ఆగిపోయింది. సూది కాలర్లో సగం దిగి అక్కడే ఉండిపోయింది. గుండెకున్న గుండీ పుటుక్కున తెగినట్టయింది. తిరిగి చూసేసరికి పెద్దాయన చేతికర్ర టకటకలాడించుకుంటూ వరండాలోకి వెళ్లిపోతున్నాడు. అలాంటి మాటని మళ్లీ అడిగి చెప్పించుకునే ధైర్యం ఏ అల్లుడికి ఉంటుంది? రోజంతా కొలతలు తీసే మనిషికి ఆ పూట కలత పట్టుకుంది.

మామగారు ముప్పైరెండేళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. జనాన్నంతా కూర్చోబెట్టి తను నిలబడే తిరిగాడు. రిటైరయ్యాక నడుముని నువ్వూ కూర్చోమ్మా అంటే అది మొరాయించింది. డిస్కు పక్కకి జరిగిందన్నారు. ఏడాదిగా ఆయనది మంచం నుంచి వరండాకి, వరండా నుంచి మంచానికి షటిల్ సర్వీసు. ఈమధ్య మాటలూ తగ్గాయి, ముద్దలూ తగ్గాయి.

దర్జీ వంటింట్లోకెళ్లి భార్య చెవిన వేశాడు. ఆమె కళ్లొత్తుకుని చెల్లెలికి ఫోన్ చేసింది. అక్క మాట సగంలో ఉండగానే చెల్లెలు ఏడుపు అందుకుంది. అక్కాచెల్లెళ్లు గంటసేపు మాట్లాడుకుని తేల్చింది ఒకటే: నాన్నని ఆ వరండాలోంచి కదిలించి, నాలుగు ఊళ్ల గాలి తగిలించాలి. లేకపోతే ఆయన అడిగిన చోటికే వెళ్లిపోయేలా ఉన్నాడు.

కదిలించడం ఎలా? ఇంట్లో ఓ చిన్న కారుంది. దాని వయసుకి అది కార్లలో తాతగారు. కప్పుకి అంటించిన గుడ్డ ఊడి, ఎక్కినవాళ్ల నెత్తిమీద చెయ్యిపెట్టి దీవిస్తున్నట్టు వేలాడుతోంది. సీట్లలో గుంటలు. చెప్పుల తడి ఆరని వాసన. నాలుగు నెలల కింద ఆయన్ని ఎక్కిస్తే పది నిమిషాలకే ఆపించి దిగిపోయాడు. ఇది కారు కాదయ్యా, నడుముకి రాసిన కారం అన్నాడు. ఇక ఎక్కనన్నాడు.

"దారం చేతిలో ఉన్నవాడికి దారి దొరక్కపోతుందా," అనుకుని దర్జీ ఆదివారానికి గడువు పెట్టుకుని రంగంలోకి దిగాడు.

ముందు వాసన. కాళ్లకింది పట్టాల మీద వంటసోడా చల్లి, రాత్రంతా వదిలి, పొద్దున్నే బ్రష్షుతో దులిపేశాడు. స్టీరింగుకి పాత రెగ్జిను సంచి కోసి తొడుగు కుట్టాడు. తర్వాత కప్పు. వేలాడే గుడ్డ పీకేసి, స్కూలు నిక్కర్లు కుట్టగా మిగిలిన ముదురునీలం గుడ్డ జిగురుతో అంటించాడు. అంటించిందీ జారుతుందేమోనని జానెడుకొక పిన్ను గుచ్చాడు. పిన్ను తల కనిపిస్తే దర్జీకి నామోషీ. అందుకని ప్రతి పిన్నుకీ ఒక తెల్ల చొక్కా గుండీ తొడిగాడు. అరవై గుండీలు పట్టాయి.

అసలు పని సీట్లది. టేపు పట్టుకుని ముందుసీటుకి భుజాలు, ఛాతీ, నడుము కొలిచి, సుద్దతో గీసి, కోసి, ఒక్క బిగిన కుట్టేశాడు. శుక్రవారం సాయంత్రం తొడిగి చూస్తే, అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంది సీటు. చుట్టూ రెండంగుళాలు వదులు.

దర్జీకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై తల పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా బడిపిల్లల బట్టలు కుడుతున్న చెయ్యి అది. పిల్లలు పెరుగుతారని రెండంగుళాలు ఎక్కువ ఉంచడం దానికి ఎంత అలవాటంటే, దర్జీని అడక్కుండానే ఉంచేసింది.

భార్య వచ్చి తొంగిచూసింది.

"ఏమండీ, కారు వచ్చే ఏడు పైక్లాసుకి వెళ్తుందా?"

దర్జీకి నవ్వు రాలేదు. విప్పి కుట్టేసరికి ఆదివారం దాటిపోతుందని గొణిగాడు. ఆమె వదులు గుడ్డని వేళ్లతో లాగి చూసింది. లోపల చెయ్యి దూర్చింది. అలాగే కాసేపు నిలబడి ఇంట్లోకెళ్లి, పాత పరుపులోంచి తీసిన స్పాంజి ముక్కలు తెచ్చింది.

"ఈ రెండంగుళాలు సీటుకి కాదు, నాన్న నడుముకి," అంది.

మామగారిని చొక్కా ట్రయలుకి పిలిచినట్టు పిలిచారు. ఎక్కడికీ వెళ్లం, ఊరికే కూర్చోండి అంటే కూర్చున్నాడు. ఆయన "ఇక్కడ" అన్నచోట దర్జీ సుద్దగీత పెట్టాడు, కూతురు ముక్క దూర్చింది. ఇంకాస్త పైన. ఇప్పుడు ఎడమకి. ఆ, అక్కడ. నడుము వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ సీటు నేర్చుకుంది. పది నిమిషాలైంది. పావుగంటైంది. ఆయన దింపమనలేదు. వంగి చూస్తే నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఏడాదిగా కూర్చుని నిద్రపోయిన మనిషి కాదు. భార్యాభర్తలిద్దరూ కారుకి చెరోపక్క నిలబడి, ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకుంటూ, ముప్పావుగంట ఆ నిద్రనే చూశారు.

ఆదివారం పొద్దున ఎక్కడికి వెళ్దామని అడిగితే, "చెప్తాను పద. రైట్ రైట్," అన్నాడు. పాత ఉద్యోగం గొంతులోకి తిరిగొచ్చింది. ఊరు దాటించాడు, కొండ రోడ్డు పట్టించాడు. అరగంటైనా నడుం మాటెత్తలేదు. కొండ ఎదురొచ్చింది. రోడ్డు పైకెక్కలేదు. తిన్నగా కొండ కడుపులోకి వెళ్లింది.

కార్లో చీకటి పడింది. కొండ లోపలి పసుపు దీపాలు ఒక్కొక్కటే మీదుగా జారుతున్నాయి. దీపం వచ్చినప్పుడల్లా నెత్తిమీద ఒక వరుస గుండీలు తళుక్కుమని వెలిగి, వెనక్కి పరిగెత్తి ఆరిపోతున్నాయి, ఇంకో వరుస పుడుతోంది. నీలం గుడ్డ కనిపించడం మానేసింది. అక్కడున్నది ఆకాశం. కుట్టినవాడికే అది తను కుట్టింది అనిపించలేదు. స్టీరింగు మీద చేతులు వాటంతటవే నెమ్మదించాయి. వెనకసీట్లో భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మామగారు తల వెనక్కి వాల్చి పైకే చూస్తున్నాడు.

"ఈ కొండ చుట్టూ నలభై రెండు మలుపులు. రోజూ గంట, అందరికీ వాంతులే," అన్నాడు మెల్లగా. "అన్నేళ్లు కొండమీద నేను వెళ్లాను. ఇవాళ నామీద కొండ వెళ్తోంది."

వెలుగులోకి వచ్చాక దర్జీ కారు పక్కకి ఆపాడు. పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. "సొరంగం తవ్వారని పేపర్లో చదివినప్పట్నుంచీ చూడాలనుంది. నీకు చెప్పానుగా అల్లుడూ, అప్పుడు నువ్వు మిషన్ తొక్కుతున్నావు."

"సొరంగమా," అన్నాడు దర్జీ.

భార్య వెంటనే చెల్లెలికి ఫోన్ కలిపి అందరికీ వినబడేలా పెట్టింది. నాన్న అడిగింది స్వర్గం కాదే, సొరంగం, మిషను చప్పుడులో మీ బావ అలా విన్నారు అని విడమర్చి చెప్పింది.

"మరి వారం రోజులు నేను ఏడ్చిందంతా?" అంది చెల్లెలు.

"ఒకసారి చింపిన టికెట్టు వాపసు తీసుకోమమ్మా," అన్నాడు కండక్టరు. అల్లుడివైపు తిరిగి, కప్పుమీది గుండీల్లో ఒకదాన్ని వేలితో తాకాడు. "అయినా మీ బావ తప్పు విన్నాడని నేననను. రెండూ ఒకే టికెట్టు మీద చూపించాడు."