తెరిచి ఉన్న తలుపు

ఆమె తన కళ్ళజోడు పసిబిడ్డ ఉయ్యాల పక్కనే మర్చిపోయింది. కారెక్కి ఇంజన్ స్టార్ట్ చేశాక గానీ ఆ సంగతి గుర్తుకు రాలేదు. అది లేకపోతే తర్వాతి ఇంట్లో ముసలాయన చేతి నరం కనపడదు. ఇళ్ళకు వెళ్ళి పరీక్షలకు రక్తం తీసి ల్యాబుకు చేర్చడం ఆమె ఉద్యోగం. వెనక సీట్లో ఐసుపెట్టె, అందులో పొద్దుటి నుంచి తీసిన ట్యూబులు ఉన్నాయి. ఎండ మాడ్చేస్తోంది. ఏసీ ఆపితే పెట్టె వేడెక్కుతుందని, ఇంజన్ నడుస్తుండగానే దిగి లోపలికి పరిగెత్తింది. కళ్ళజోడు తీసుకుని, పసిబిడ్డ తల్లికి ఇంకోసారి ధైర్యం చెప్పి బయటికొచ్చింది.

కారు ఆగిపోయి ఉంది. నాలుగు తలుపులూ బిగుసుకుని ఉన్నాయి. తాళం, ఫోను, పర్సు ముందు సీట్లో దర్జాగా కూర్చుని ఆమెనే చూస్తున్నాయి.

కారుకేమైందని ఆమె అనుకోలేదు. తనకేమైందని అనుకుంది. ఇంజన్ తనే ఆపేసిందేమో, దిగుతూ దిగుతూ ఏదో మీట నొక్కేసిందేమో. తన చేతుల్ని తనే నమ్మకపోవడం ఆమెకు పెళ్ళయ్యాక పట్టుబడిన విద్య. ఎవరి నరమైనా వేలితో తడిమి పట్టుకోగల ఆ చేతులకు ఇంట్లో మాత్రం ఒక గ్లాసు సరిగ్గా పెట్టడం రాదని పేరు. "మతిమరుపు మాలోకం" అని ఆయన నవ్వుతూనే అనేవాడు. నవ్వుతూ అన్నదానికి కోపం తెచ్చుకుంటే, కోపిష్టిదని ఇంకో పేరు వచ్చేది.

పసిబిడ్డ తల్లి ఫోను అడిగి తీసుకుని ఆయనకు చేసింది.

"ఏవండీ, తాళం కారులోనే ఉండిపోయింది. తలుపులు పడిపోయాయి."

"వాటంతటవే పడిపోయాయా?"

"ఏమోనండీ, తెలీదు. ఇంకో తాళం..."

"ఇంట్లో ఉంది. నేను మీటింగులో ఉన్నాను. రెక్కలు కట్టుకుని వాలమంటావా?"

"ఐసుపెట్టె లోపలుందండీ. పసిబిడ్డ రక్తం ఉంది. వేడెక్కితే పారబోయాలి. పోనీ, అద్దం పగలగొట్టనా?"

"అద్దం మీద చెయ్యి వేశావో, ఇక స్టీరింగు మీద వెయ్యవు" అని పెట్టేశాడు.

అత్తగారికి చేసింది. "అత్తయ్యా, బీరువాలో కారు తాళం ఉంటుంది, ఎవరిచేతైనా పంపిస్తారా?"

"వాడు ఇవ్వొద్దన్నాడమ్మాయ్."

"ఎప్పుడన్నారు? నేను ఆయనతో ఇప్పుడే కదా మాట్లాడింది!"

"ఇందాకే చేశాడు. నువ్వు తాళం అడుగుతావు, ఇవ్వకు అని ముందే చెప్పాడు. కాసేపు ఎండలో నిలబడితే బుద్ధొస్తుందట. వాడి తమాషాలు నీకు తెలియనివా?" ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో కుళ్ళేమీ లేదు. కొడుకు చిన్నప్పుడు తూనీగ తోకకు దారం కట్టి ఆడుతుంటే కూడా ఆవిడ అలాగే నవ్వి ఉంటుంది.

అప్పుడు తెలిసింది. కారు కొన్న రోజే ఆయన దాన్ని తన ఫోనుకు కలుపుకున్నాడు. ఎక్కడుందో, నడుస్తోందో ఆగిందో కూర్చున్నచోటి నుంచే చూసుకోవచ్చు. బండి నిలిచి ఉన్నంతసేపు ఇంజన్ ఆపొచ్చు, చేతిలో తాళం ఉన్నా తెరుచుకోకుండా తలుపులు వెయ్యొచ్చు. "నీ భద్రత కోసమే" అన్నాడు. ఇంజన్ నడుస్తుండగా ఆమె దిగడం చూశాడు. పాఠం మొదలుపెట్టాడు.

ఆయన బడిలో మాస్టారేం కాదు, గోదాములో మేనేజరు. కానీ పాఠాలు చెప్పకపోతే పొద్దుపోదు. ఒకసారి ఆమె కొళాయి కట్టడం మర్చిపోతే, ఇంటికొచ్చే నీళ్ళే కట్టేసి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమెకు నెలసరి. ఇంకోసారి స్నానాల గదిలో గొలుసు మర్చిపోయింది. అది కనపడక ఇల్లంతా వెతికి, ఏడ్చి, చివరికి పనిమనిషిని అడగరాని మాట అడిగింది. ఆ పిల్ల ఒట్లు పెట్టుకుని, ముక్కు చీదుకుంటూ పని మానేసి వెళ్ళిపోయాక గొలుసు ఆయన జేబులోంచి బయటికొచ్చింది. ప్రతి పాఠానికీ చివర ఒక తంతు ఉండేది. రాత్రి భోజనాల బల్ల దగ్గర, ఎవరూ ముద్ద నోట్లో పెట్టకముందే ఆమె లేచి నిలబడి, "ఇవాళ నేను నేర్చుకున్నదేమిటంటే" అని అందరికీ వినపడేలా చెప్పాలి. అత్తగారు నవ్వేది. ఆడపడుచు వచ్చినప్పుడు ఇంకా బాగా నవ్వేది. మొదట్లో ఆమె కూడా నవ్వింది, సరదా కాబోలనుకుని. మొన్నామధ్య కూతురు బొమ్మను అలమరలో పెట్టి తలుపేసి, బయట నిలబడి, "బుద్ధొచ్చిందా? గట్టిగా చెప్పు" అంటుంటే మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే నవ్వుతారు కదా.

కారు అద్దానికి ముఖం ఆనించి చూసింది. పెట్టె మూత మీద వేడి చూపించే ముల్లు ఇంకా ఆకుపచ్చలోనే ఉంది గానీ అంచుకు వచ్చేసింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఒళ్ళంతా పసుపు పచ్చగా ఉంది. కామెర్లు ఎంత ముదిరాయో ఇవాళే తేల్చాలన్నాడు డాక్టరు. బొటనవేలంత మడమ అది. మొదటి పోటుకు రక్తం రాలేదు. రెండోసారి పొడిచి, పిండి పిండి తీసింది.

ఇంటి ముందు పూలమొక్కల గట్టు నుంచి ఒక రాయి తీసింది. చెయ్యెత్తింది కూడా. కానీ చెయ్యి దిగలేదు. ఎత్తిన చేతిలో రాయి ఉన్నా, చెవిలో ఆయన మాటే ఉంది. సిగ్గుచేటైన సంగతే గానీ చెప్పాలి, ఆమె రాయి కింద పడేసి మళ్ళీ ఫోనే అడిగింది.

"బుద్ధొచ్చిందండీ. తెరవండి."

"దేనికొచ్చింది?"

పసిబిడ్డ తల్లి పక్కనే నిలబడి ఉంది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, "ఇంజన్ నడుస్తుండగా కారు దిగకూడదు" అంది.

"వినపడలేదు. గట్టిగా."

గట్టిగానే చెప్పింది. వీధి అవతల బట్టలారేస్తున్నావిడ తలెత్తి చూసింది.

"మంచిది. ఇంకాసేపు ఆలోచించుకో" అన్నాడాయన.

ఆలోచించుకుంది. చెమట కళ్ళలోకి కారుతుంటే, ముల్లు ఆకుపచ్చ దాటడం, ఎరుపులోకి దిగడం, అక్కడే స్థిరపడడం చూస్తూ ఆలోచించుకుంది. అంతా అయిపోయాక కారు దీపాలు కన్నుకొట్టినట్టు వెలిగి ఆరాయి. తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఆమె ఫోను మోగింది.

"తెరిచానుగా. థాంక్స్ కూడా చెప్పవా?" నవ్వుతున్నాడు. "సాయంత్రం అందరి ముందు బాగా చెప్పాలి. మా చెల్లెలు కూడా వస్తోంది."

ఆమె ఫోను పెట్టేసింది. ట్యూబులన్నీ తీసి పారేసే సంచిలో వేసింది. పొద్దుటి నుంచి తిరిగిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి, చేతులు చాపమని అడగాలి. ముందు ఈ ఇంట్లో అడగాలి.

"అమ్మా, పాప రక్తం పనికిరాకుండా పోయింది. మళ్ళీ తియ్యాలి."

పసిబిడ్డ తల్లి ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఆ తల్లి అంతా విన్నది. బిడ్డను గుండెకు ఇంకాస్త అదుముకుని, "ఆ కాలికి వద్దక్కా, కమిలిపోయింది. ఈ కాలికి తియ్యండి" అంది.

ఆమె సూదుల సంచి, ఐసుపెట్టె తీసి గట్టు మీద పెట్టింది. కారు తలుపు మూసింది. కింద పడేసిన రాయి మళ్ళీ తీసింది. ఈసారి చెయ్యి ఆగలేదు. డ్రైవరు పక్క అద్దం ఒక్క దెబ్బకు పొడిపొడిగా రాలింది.

"అయ్యో అక్కా, తలుపు తెరిచే ఉంది కదా!"

"తెలుసమ్మా. మళ్ళీ వేస్తాడు."

ఇంట్లోకి వెళ్ళి బిడ్డ మడమ పట్టుకుంది. పడుకున్న బిడ్డ ఉలిక్కిపడి లేచి, ఊపిరి అందనంతగా ఏడ్చింది. అంత చిన్న గొంతులో అంత ఏడుపు ఎక్కడ దాగుంటుందో! ఇందాక బిడ్డను పొడిచినప్పుడు అది వైద్యం. ఇప్పుడు పొడిచింది ఒక మనిషి సరదా తీరడానికి, ఆ సరదాకు ఇన్నేళ్ళూ లేచి నిలబడి పాఠం అప్పజెప్పింది తనే. ఆ సంగతి ఆమెకు అక్కడే, ఆ ఏడుపు మధ్యలోనే అర్థమైంది. ట్యూబు నిండింది. దూది అద్ది, కట్టు కట్టింది. పసిబిడ్డ తల్లి ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి పెట్టెలో పోసింది.

బయటికి వచ్చేసరికి తలుపులు మళ్ళీ బిగుసుకుని ఉన్నాయి. ఆమె పెట్టెను గట్టు మీద దించి, పగిలిన అద్దంలోంచి చెయ్యి లోపలికి పెట్టి, మీట లాగి తలుపు తీసింది. మోచేతి దగ్గర గీరుకుని సన్నగా రక్తం వచ్చింది. తన రక్తాన్ని ఆమె పట్టించుకోలేదు. గాజుపెంకులు దులిపి కూర్చుంది. పెట్టెను పక్క సీట్లో పెట్టి బెల్టు బిగించింది. ఫోను మోగింది.

"మళ్ళీ దిగి వదిలేశావే! ఒకసారి చెబితే ఎక్కదా నీకు?"

"ఎక్కింది."

"అయితే ఎలా వెళ్తావు ఇప్పుడు? అడుగు, తెరుస్తాను."

"అక్కర్లేదండీ, కూర్చునే ఉన్నాను. ల్యాబుకెళ్ళి, అటునుంచి బడికెళ్ళి అమ్మాయిని తీసుకుంటాను. ఇవాళ నేను నేర్చుకున్నదేమిటో ఇప్పుడే చెప్పేస్తాను, వినండి."

"ఇప్పుడెందుకు, సాయంత్రం అందరి ముందు చెబుదువులే" అన్నాడు నవ్వుతూ.

"సాయంత్రం మేముండం."