రెండు సీట్ల కారుకి కప్పు

మా నాన్న కారుకి కప్పు లేదు. మొదట్లో గుడ్డ కప్పు ఒకటి ఉండేదట గానీ, నేను పుట్టకముందే ఉప్పుగాలికి చివికి పీలికలైపోయిందట. కలప కంపెనీ దొర ఒకాయన పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నన్నాళ్లూ ఆ కారు తిప్పి, వెళ్లిపోయేటప్పుడు దాన్ని ఓడ ఎక్కించే తిప్పలు పడలేక తన డ్రైవరుకి వదిలేశాడు. ఆ డ్రైవరు మా నాన్న, చంద్రమౌళి. ఇంగ్లండులో తయారైన ఎంజీ మిడ్జెట్. ఆకుపచ్చ రంగు. రెండే సీట్లు. కూర్చుంటే చెయ్యి చాచి రోడ్డు ముట్టుకోవచ్చు అన్నంత కిందకి ఉంటుంది. సిప్పీఘాట్ రోడ్డు మీద వెళ్తుంటే పిల్లలు "ఛోటా గాడీ, ఛోటా గాడీ" అంటూ వెంటపడేవాళ్లు.

నేను బడికి వెళ్లింది ఆ కారులోనే. నాన్న అప్పటికి సర్కారు వర్క్‌షాపులో మెకానిక్కు. పొద్దున్నే డ్యూటీకి పోతూ నన్ను గోల్ ఘర్‌లో బడి దగ్గర దింపేవాడు. వానొస్తే ఎలాగ అని అందరూ అడిగేవాళ్లు. మా దీవుల్లో వాన రాని నెలలే తక్కువ కదా. నాన్న ఒక నీలం టార్పాలిన్‌కి రెండు కన్నాలు కోశాడు. ఒక కన్నంలోంచి ఆయన తల, ఇంకో దాంట్లోంచి నా తల. చేతులు టార్పాలిన్ కిందనే ఉండి స్టీరింగు తిప్పేవి. ఎదురొచ్చే బస్సులోవాళ్లు కిటికీల్లోంచి వేలాడి మరీ నవ్వేవాళ్లు. నాకు మాత్రం అది ఏనుగు మీద ఊరేగినట్టే. నోరు తెరిచి వాన తాగేదాన్ని. ఒడిలో పుస్తకాల సంచి పొడిగా, వెచ్చగా ఉండేది.

ఎనిమిదో తరగతి మధ్యలో మా అమ్మ సింహాచలమ్మ మంచం పట్టింది. ఇంట్లో ఒకరు ఉండాలి. నేను ఉన్నాను. అమ్మ పోయాక మళ్లీ బడి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాన్న స్కూటరు మీద డ్యూటీకి పోవడం మొదలుపెట్టాడు. కారు రేకుల షెడ్డులోకి వెళ్లింది. ఆదివారాలు దాన్ని స్టార్ట్ చేసి, కాసేపు వినేసి, ఆపేసేవాడు. అంతే.

ఇప్పుడు నాన్న రిటైరై ఇంట్లోనే ఉంటాడు. నాకు ఒక కూతురు. శ్రీలక్ష్మి, మేం సిరి అంటాం. వాన మొదలైందంటే దాని ఛాతీలో పిల్లికూతలు. నిరుటి వానాకాలం సగం ఆసుపత్రిలోనే గడిచింది. దాని ఊపిరి వింటూ పడుకోవడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఊపిరి మామూలుగా ఉన్నా నిద్ర రాదు. మా ఆయన వీరేంద్ర దీవుల మధ్య తిరిగే ఓడలో పని చేస్తాడు. ఇంట్లో ఉండే రోజులకంటే లేని రోజులే ఎక్కువ. జూన్‌లో సిరిని బడిలో వెయ్యాలి. బస్సేమో ఊపిరాడనంత కిక్కిరిసి వస్తుంది.

"నాను దింపుతాను కదా, కార్లో," అన్నాడు నాన్న.

"కప్పు లేని కార్లో నా పిల్లని ఎక్కించను," అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

నాన్న అన్నం తిని, చెయ్యి కడుక్కుని, షెడ్డు వైపు వెళ్లిపోయాడు. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకున్నాను.

మే నెలాఖరులో మద్రాసు ఓడలో ఒక పెద్ద చెక్కపెట్టె దిగింది. నాన్న, వీరేంద్ర కలిసి నాకు తెలియకుండా ఫోన్లలో నడిపిన వ్యవహారం అది. కోయంబత్తూరులో ఎవరో పాత కార్లకి ఫైబరు కప్పులు చేస్తారట. నాన్న మేకులు పీకి పలకలు తీస్తే, గడ్డి మధ్యలో తెల్లగా, నున్నగా ఉంది.

"ఏమిటిది నాన్నా?"

"నువ్వు అడిగిందే. టాపు."

దాన్ని బిగించడానికి మల్లేశు చిన్నాన్న వచ్చాడు. నాన్నకి తమ్ముడి వరస. జంగ్లీఘాట్‌లో ఫైబరు పడవలకి మాట్లు వేస్తాడు, సీజనులో చేపల వేటకి పోతాడు. వస్తూనే కప్పు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఇది టాపేటన్నా, డోంగీని బోర్లించి అమ్మీసినాడు ఆ కోయంబత్తూరోడు."

"నోరు మూసుకుని ఆ పక్క పట్టు."

"పట్టీదానికేటి గానీ, దీనికి రెండు తెడ్లు కూడా ఇచ్చినాడా, మనమే కొనుక్కోవాలా?"

సిరి పడీ పడీ నవ్వింది. నవ్వితే దగ్గొస్తుందని నేను దాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను.

ఇద్దరూ కప్పు ఎత్తి కారు మీద పెట్టారు. వెనకాల బాగానే కూర్చుంది. ముందు మాత్రం అద్దం చట్రానికి పైన రెండు వేళ్లు పట్టేంత సందు. నాన్న వంగి చూశాడు, పక్కకి వెళ్లి చూశాడు. కప్పుది కాదు తప్పు, అద్దం చట్రమే వెనక్కి వాలిపోయి ఉంది.

"ఇదిగో, ఇది నీ కూతురి పనే," అన్నాడు చిన్నాన్న. "చిన్నప్పుడు ఇది పట్టుకునే కదా నిలబడీది, జెండా కర్రలాగ!"

నిజమే. మిడిల్ పాయింట్ దాటాక చదును రోడ్డు వస్తే, నాన్న మెల్లగా పోనిచ్చేవాడు, నేను సీటు మీద లేచి ఆ చట్రం పట్టుకుని నిలబడేదాన్ని. గాలి జడల్ని వెనక్కి లాగేది. ఇప్పుడు సిరి అలా నిలబడడం తలుచుకుంటేనే నా చెయ్యి దాని రెక్క పట్టుకోబోతుంది. నన్నెలా నిలబడనిచ్చాడో మా నాన్న!

చట్రం బోల్టులు వదులు చేశారు. చిన్నాన్న వెంటనే ఒక మూల గట్టిగా బిగించబోతే నాన్న చెయ్యి మీద కొట్టాడు.

"ఏ మూలా ముందు బిగించకు. అన్నీ వదులుగానే పట్టించు. తలుపులు వేసి, అద్దాలు పైకెత్తి, రబ్బరు ఎక్కడ తగులుతున్నాదో చూసి, అప్పుడు ఇటు కొంచెం, అటు కొంచెం."

"పెళ్లి సంబంధంలాగ," అన్నాడు చిన్నాన్న.

వెనక బోల్టుల కోసం కారు ఒంటికే కన్నాలు వెయ్యాలి. డ్రిల్లు తెచ్చాడు నాన్న. సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. పెట్టి, ఊరికే అలా నిలబడిపోయాడు. ఇన్నేళ్లలో ఆ కారుకి కంటికి కనపడే చోట చిన్న గీత పడనివ్వలేదు. ఉప్పుగాలిలో ఎక్కడ రేకు కోసినా అక్కణ్ణుంచి తుప్పు మొదలవుతుందని మా అందరికీ తెలుసు. "పోనీ వద్దులే నాన్నా," అనాలనిపించింది. అనలేదు. అంటే పిల్లని బస్సులోనో, ఆటోలోనో పంపుకోవాలి. అంతకంటే, ఆయన అంత పని చేశాక ఆ మాట అనడానికి నోరు రాలేదు.

డ్రిల్లు అరిచింది. నాన్న ప్రతి కన్నం అంచుకీ తుప్పు పట్టకుండా రెడాక్సైడు రాశాడు, పిల్లకి కాటుక పెట్టినంత జాగ్రత్తగా.

మర్నాడు, బిగింపులు అయ్యాక నీళ్ల పరీక్ష. పడవకైనా, కారుకైనా నీళ్లతో పరీక్ష చెయ్యకుండా చిన్నాన్న ఒప్పుకోడు. లోపల ఒకరు కూర్చుని ఎక్కడ కారుతుందో చూడాలి. నేను కూర్చుంటానన్నాను. నా పిల్ల కూర్చోబోయే సీటు కదా.

తలుపు వేశారు. చిన్నాన్న పైపు పట్టాడు. సిరి బయట ఒక మగ్గుతో తన వంతు పోస్తోంది. తల మీద జానెడు ఎత్తులో నీళ్లు దడదడా కొడుతుంటే నేను ఫోను టార్చి వేసి రబ్బరు వెంట వెతుకుతున్నాను. అదే సీటు. అదే పెట్రోలు వాసన, అదే పాత తోలు వాసన. వాన కూడా వానలాగే ఉంది. మొహం మీద మాత్రం ఒక్క చుక్క లేదు. పిల్ల కోసం నేను కోరుకున్నది అచ్చంగా ఇదే. అయినా ఏదో పారేసుకున్నదానిలా కాసేపు టార్చి దించేసి కూర్చున్నాను.

అప్పుడు కనిపించింది. డ్రైవరు వైపు, అద్దం పై మూలలోంచి సన్నటి ధార. అది డాష్‌బోర్డు వెంట జారి పెడళ్ల దగ్గరికి పోతోంది. అక్కడ నీళ్లు గుంట కట్టాయి. పాత రబ్బరు చాప తేలుతోంది.

"నాన్నా! ఇక్కడ చెరువు!"

పైపు ఆగింది. నాన్న తలుపు తీసి, ఆ నీళ్లు చూసి, తెల్లబోయాడు.

"నీళ్లు నిలబడవు కదా దీంట్లో. కింద కన్నాలు ఉన్నాయి. టాపు పోయినప్పుడు నానే వేసినాను."

చిన్నాన్న పైపు కింద పడేశాడు. "అవా? మూసీసినాను."

"ఏటి?"

"నిన్న అడుగు చూద్దామని దూరితే కన్నాలు కనపడ్డాయి. తుప్పట్టి పోయిందనుకున్నాను. నీకు శ్రమెందుకని ఫైబరు గుడ్డ ఏసి, రెజిన్ పోసి, బాగా అతికీసినాను. ఎవుడైనా అడుగున కన్నాలెట్టుకుంటాడేటన్నా?"

"ఇది ఓడ కాదురా! కారు! పైనుంచి వొచ్చింది కిందికి పోవాల!"

"నాకేటి తెలుసు. మా కాడ కిందనుంచి వొచ్చింది పైకి తోడతాం."

అంత కోపంలోనూ నాన్నకి నవ్వొచ్చింది. ఆ నవ్వు మొదలైతే ఆగదు ఆయనకి. తలుపు పట్టుకుని నవ్వాడు. చిన్నాన్న కారు కిందకి దూరి ఉలితో రెజిన్ కొట్టేశాడు. భళ్లున నీళ్లు ఆయన ఛాతీ మీదే పడ్డాయి.

ఆ మూల మాత్రం లొంగలేదు. చట్రం వంచారు, రబ్బరు దళసరిది వేశారు, మళ్లీ వదులు చేసి మళ్లీ బిగించారు. ధార కాస్తా చుక్కలైంది, అంతే. చీకటి పడే వేళకి నాన్న షెడ్డు అరుగు మీద కూర్చుండిపోయాడు. చిన్నాన్న బీడీ వంకతో బయటికి నడిచాడు.

"వద్దులేమ్మా," అన్నాడు నాన్న. "బస్సులోనే పంపు. కారుతున్న కార్లో నువ్వు పంపవు, నాకు తెలుసు."

నేను అక్కడే నిలబడ్డాను. సిరి సీటు మీద ఒక్క చుక్క పడలేదని నాకు తెలుసు. చూసింది నేనే. వద్దనడానికి నా దగ్గర ఇంక ఏ సాకూ లేదు.

"కారేది నీ వైపే నాన్నా. దాని వైపు పొడిగానే ఉంది."

"మరేటి నీ బాధ? కప్పు కాదా?"

"కప్పు కాదు."

"మరి?"

"రెండే సీట్లు నాన్నా. అది ఎక్కితే నేను ఎక్కడ కూర్చోను?"

నాన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"మీ అమ్మా ఇలాగే గేటు కాడ నిలబడీది. ఏ రోజూ లోపలికెళ్లేది కాదు, కారు మలుపు తిరిగీదాకా. నాను అద్దంలో చూసీవోణ్ణి."

"నేను చూసేదాన్నా? వెనక్కి?"

"నువ్వా? ఒక్కనాడూ చూడలేదు. నీకు ముందున్న రోడ్డు చాలు."

సోమవారం పొద్దున వాన. సన్నగా మొదలై, సిరికి జడలు వేసేసరికి దంచి కొడుతోంది. గొడుగు పట్టి దాన్ని సీట్లో కూర్చోబెట్టాను. ఊపిరి మందు పఫ్ ఎక్కడుందో, మాస్కు ఎక్కడుందో, దగ్గొస్తే ఏం చెయ్యాలో చెప్పాను. నాన్న అన్నిటికీ "ఆఁ, ఆఁ" అన్నాడు. ఎడమ భుజం మీద తువ్వాలు మడిచి వేసుకుని, కుడి భుజం చుక్కకి వదిలేశాడు.

"తువ్వాలు మార్చుకో నాన్నా. కారేది కుడి వైపు."

"అవునవును," అని మార్చుకున్నాడు.

తలుపు వేశాను. కప్పు ఉండడంతో లోపలి మాట బయటికి రాలేదు. అద్దం వెనకాల సిరి నోరు మాత్రం కదులుతోంది. తాతకి ఏదో చెబుతోంది, చేతులు తిప్పి తిప్పి చెబుతోంది. కారు కదిలింది. సునామీలో మునిగి మళ్లీ తేలని పొలాల పక్కగా, ఆకుపచ్చ కారు, తెల్ల కప్పు, మలుపు తిరిగిపోయాయి. సిరి నా వైపు చూడలేదు.

ఇంట్లోకి వెళ్లాను. పొయ్యి వెలిగించాను, ఆర్పేశాను. తర్వాతి బస్సు ఎక్కేశాను.

బడి దగ్గర దిగేసరికి గంట కొట్టేశారు. పిల్లలంతా లోపలే. రోడ్డుకి అవతల, చెట్టు కింద, మా కారు. లోపల నాన్న. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని బడి వైపే చూస్తున్నాడు. అద్దం మీద వేలితో కొడితే ఉలిక్కిపడ్డాడు. తలుపు తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

"బస్సెక్కి వొచ్చీసినావా?"

"ఊఁ. నువ్వింకా వెళ్లలేదేం?"

"వాన తగ్గనీ అని." వాన అప్పటికే తగ్గిపోయింది.

"దగ్గిందా?"

"ఒకపాలి. నవ్వి దగ్గినాది. మీ చిన్నాన్న డోంగీ సంగతి టీచరుకి చెబుతాదట." తాళం తిప్పబోతూ అన్నాడు, "ఏడవలేదమ్మా. దిగి ఎల్లిపోయింది."

ఆయన కారు స్టార్ట్ చేశాడు. కప్పు కింద ఇంజను చప్పుడు మునుపటికంటే గట్టిగా ఉంది. పొద్దుటి పూట ఆ రోడ్డు మీద మేమిద్దరం అలా వెళ్లి ఎన్నేళ్లయిందో. మిడిల్ పాయింట్ దగ్గర ఎండ వచ్చింది. అద్దం దించాను. తడి గాలి లోపలికి వచ్చింది.

"తీసీమంటావా టాపు, ఎండ రోజుల్లో?" అడిగాడు. "చట్రం కాడ క్లిప్పులు ఒగ్గీసి, వెనక బోల్టులు తీస్తే, ఇద్దరం మోసీగలం."

"చూద్దాం. ఇంకా వాన కాలమే కదా."

సిప్పీఘాట్ కనిపించాక అడిగాడు. "సాయంత్రం మళ్లీ రావాల కదా. నువ్వొస్తావా?"

"నువ్వే వెళ్లి తీసుకురా నాన్నా. నేను ఇంట్లో ఉంటాను. అది వచ్చేసరికి ఏదైనా వేడిగా చేసి పెడతాను."

"బస్సెక్కి రావు కదా?"

"ఏమో. ఇప్పుడే చెప్పలేను," అన్నాను.

నాన్న నవ్వి గేరు మార్చాడు.