చౌడు విరిచిన పార

నేను ఒక పారని. మండల వ్యవసాయ కార్యాలయంలో అద్దాల బీరువాలో పడి ఉన్నాను. మట్టి తగలక మూడేళ్లయింది.

ఒక కమ్మరి లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, తుమ్మకర్ర తొడిగి నన్ను చేశాడు. మొదట కొన్నది ఒక తాపీ మేస్త్రీ. రెండేళ్లు ఆయన దగ్గర సిమెంటు, ఇసుక కలిపాను. ఆయన పని మానేసి ఊరు విడిచిపోతూ నన్ను వాళ్ల అక్క సువార్తమ్మకి ఇచ్చాడు.

సువార్తమ్మకి సొంత నేల సెంటు కూడా లేదు. భర్త ఇస్సాకు ఉబ్బసం మనిషి, బరువు పనులు చెయ్యలేడు. ఆ ఊరి కోటిలింగం గారికి కాలవ చివర రెండెకరాల పొలం ఏళ్ల తరబడి బీడుగా పడి ఉంది. దాన్ని కౌలుకి అడిగింది.

"అది కారు చౌడు సువార్తా. గడ్డి కూడా మొలవదు. ఏం చేసుకుంటావే?" అని నవ్వాడాయన.

"బాగు చేసుకుంటాను బాబుగారూ. బాగుపడ్డాక పదేళ్లు నాకే ఉంచాలి."

"పదేళ్లేం ఖర్మ, నీ ఓపిక ఉన్నన్నాళ్లూ చేసుకో. నేను మాటిచ్చాక కాగితాలెందుకు?"

సువార్తమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. మనుషుల మాట ఇనుము కంటే గట్టిదని అప్పట్లో నా అభిప్రాయం.

ఆ నేల మీద మొదటి దెబ్బకే నా అంచు మొద్దుబారింది. ఎండితే రాయి, తడిస్తే జిగురు. వాన పడితే నీళ్లు ఇంకకుండా టీ డికాషన్ రంగులో నాలుగైదు రోజులు నిలబడేవి.

వ్యవసాయాధికారి హైమావతి గారు ఉద్యోగానికి కొత్త. ఉత్సాహంగా వచ్చి, సువార్తమ్మ చేత నాతోనే పది చోట్ల జానెడు లోతున మట్టి తీయించి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక గట్టు మీద కూచుని విడమర్చి చెప్పింది.

"పీహెచ్ తొమ్మిదిన్నర ఉంది సువార్తమ్మా. ఇది పాల చౌడు కాదు. పాల చౌడైతే తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, మంచినీళ్లు పెట్టి కడిగేస్తే పోతుంది. ఇక్కడ సోడియం మట్టిని అంటిపెట్టుకుని కూచుంది. ఉత్త నీళ్లకి కదలదు. జిప్సం వేస్తే అందులో కాల్షియం వచ్చి సోడియాన్ని లేపుతుంది. లేచిందాన్ని నీళ్లతో బయటికి పంపాలి. మురుగు కాలవ లేకపోతే చేసిందంతా వృథా."

"అయితే ముందు కాలవే తవ్వుతాను మేడం."

ఆ వేసవంతా మేమిద్దరం పొలం చుట్టూ నడుము లోతు కాలవ తవ్వాం. ఆమె అరచేతులు బొబ్బలెక్కి, చితికి, చివరికి నా కర్రలాగే గట్టిపడ్డాయి. తొలకరికి ముందు మళ్లు చదును చేసి, జిప్సం చల్లి, పై మట్టిలో కలిపింది. వారం పైగా నీళ్లు నిలగట్టి కాలవలోకి వదిలేసింది. మళ్లీ కట్టింది, మళ్లీ వదిలింది. పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, పూత రాకముందే కలియదున్నించింది. ముదురు నారు తెచ్చి, కుదురుకి ఐదారు మొక్కలు పెట్టి నాటింది. ఆ ఏడు సగం చేను మాడిపోయింది. ఎకరానికి ఆరు బస్తాలొచ్చాయి. ఊరు నవ్వింది. ఆమె మళ్లీ జీలుగ చల్లింది.

మూడో ఏడు ఒక పొద్దున నా అంచు పక్కన వానపాము కదిలింది. సువార్తమ్మ నన్ను వదిలేసి మోకాళ్ల మీద కూలబడింది. దాన్ని అరచేతిలోకి తీసుకుని "ఏమయ్యో, ఇట్టా రా!" అని ఇస్సాకుని కేకేసింది. ఆయన ఆయాసపడుతూ వచ్చాడు. ఇద్దరూ దాన్ని పసిబిడ్డని చూసినట్టు చూశారు.

నాలుగో ఏడు ఎకరానికి ముప్ఫై బస్తాలు దాటాయి. హైమావతి గారు పొరుగూళ్ల రైతుల్ని పిలిచి పొలంలోనే సభ పెట్టింది. కోటిలింగం గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి ముందు వరసలో కూచున్నాడు. ఫోటో తీసేవాడు "చేతిలో పారుంటే బావుంటుంది సార్" అన్నాడు. ఆయన నన్ను తిరగేసి పట్టుకున్నాడు. "ఇట్టా పట్టుకోవాలి బాబుగారూ" అని సువార్తమ్మే నవ్వుతూ సరిచేసి, పక్కకి తప్పుకుంది.

నెల తిరక్కుండా ఆయన పొలానికొచ్చాడు.

"వచ్చే ఏడు నుంచి నేనే చేయించుకుంటా. నువ్వు ఇంకోటి చూసుకో."

"పదేళ్లన్నారు బాబుగారూ!"

"అన్నాను. చౌడుకిచ్చిన మాట అది. ఇప్పుడిక్కడ చౌడెక్కడుంది?"

సువార్తమ్మ నన్ను భుజాన వేసుకుని తిన్నగా వ్యవసాయ కార్యాలయానికి నడిచింది. హైమావతి గారు అంతా విని తల దించుకుంది.

"కాగితాల్లో నీ పేరు ఎక్కడా లేదు సువార్తమ్మా. మట్టి పరీక్ష కూడా పట్టాదారు పేరు మీదే చేయించాం."

"మట్టి తీసింది నేనే కదా మేడం? మీరే తీయించారు."

మేడం ఫైలు తెరిచి, మళ్లీ మూసింది. సువార్తమ్మ వెళ్లిపోయింది. గోడకి ఆనించిన నేను ఆమెకి గుర్తు రాలేదు.

కోటిలింగం గారికి ఉత్తమ రైతు బహుమతి వచ్చింది. పైఅధికారులు చూడవస్తున్నారని నన్ను కడిగి ఈ బీరువాలో పెట్టారు. పక్కన చీటీ: "చౌడును మాగాణి చేసిన ఆదర్శ రైతు శ్రీ కోటిలింగం వాడిన పార." అది రాసింది హైమావతి గారే. దస్తూరీ నాకు తెలుసు. కోటిలింగం గారు నాలుగు వరసలు ఎక్కువ నాటించడానికి మురుగు కాలవ పూడ్పించాడని, చేలో మళ్లీ నల్లనీళ్లు నిలుస్తున్నాయని ఇక్కడికొచ్చే రైతులు చెప్పుకుంటుంటే విన్నాను. చీటీ మాత్రం మారలేదు.

మొన్న సువార్తమ్మ వచ్చింది, చేతిలో పరీక్షకి తెచ్చిన మట్టి సంచి. వేరే ఊళ్లో ఇంకో చౌడు పొలం కౌలుకి చూసుకుందట. గుమస్తా కలం తీసి పట్టాదారు పేరడిగాడు. చెప్పింది.

"కింద నా పేరు కూడా రాయండి. చేసేది నేను."

"ఒకే గడి ఉందమ్మా. పట్టాదారు పేరే రాయాలి."

లోపలి గుమ్మం దగ్గర హైమావతి గారు నిలబడి ఉంది. సువార్తమ్మ ఆమె వంక చూసింది. హైమావతి గారు గుమస్తా ముందున్న కాగితం వంక చూసింది.

సువార్తమ్మ బల్ల మీది సంచి వెనక్కి తీసుకుంది. మూతి బిగించి కట్టి, చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది. బీరువా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నెలకోసారి గుమస్తా నాకు నూనె రాస్తాడు. తుప్పు కూడా పట్టనివ్వరు.