బిందె మీద చుక్కల అక్షరాలు

"ఈసారి చింతపండు నానబెట్టకు సునందా" అని మా ఆయన అన్న రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్తే నవ్విపోతారు. నవ్వితే నవ్వండి. పండక్కో పబ్బానికో ఇత్తడి తోముకునే ఇల్లు కాదు మాది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా ఇంటి ముందు భాగమంతా మ్యూజియం. 'గోపాలరావు నగర చరిత్ర సంగ్రహాలయం' అని బోర్డు. గోపాలరావు మా మామగారు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లన్నీ గాలించి ఆయన తెచ్చిన పాత ఫోటోలు, రేడియోలు, సినిమా టికెట్లు, తాళాలు అద్దాల అల్మరాల్లో ఉంటాయి. ఇంట్లో వాడకం పోయిన గంగాళాలు, బోగాణ్లు, బిందెలు గోడ వెంట పీటల మీద ఉంటాయి. తుడిచేది నేను. తోమేది నేను. స్కూలు పిల్లలొస్తే కథలా చెప్పేది నేను, వాళ్ళు వెళ్ళాక బాత్రూం కడిగేది కూడా నేనే. పెళ్ళికి ముందు బషీర్‌బాగ్‌లో ఒక స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. "గాడ పిల్లలకు చెప్పేదేందో గీడ్నే చెప్పు బిడ్డా, ఇంటి పని గూడ అయితది" అన్నారు మామగారు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉందనుకున్నానో! ఉద్యోగం మానేశాను.

మామగారు పోయాక మా ఆయన విజయేందర్ దీన్ని పట్టుకుని వేలాడుతున్నారు. వానాకాలం కప్పు కారుతుంది, ఫోటోలకు బూజు పడుతుంది. అందుకని సర్కారు గ్రాంటుకు పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిసి ఎదురింటి వామన్‌రావు గారు గల్లీ మధ్యలో నిలబడి, "మోరీల మురుగు తియ్యనీకె పైసల్లేవంటరు, వీళ్ళింట్ల గిన్నెలకు పైసలిస్తరా?" అని అరిచారు. మా ఆయన ఊరుకోలేదు. "ఇవి మా గిన్నెలు కావు సాబ్, ఊరి చరిత్ర" అన్నారు.

నాకూ అప్పటికి ఎవరి మాట నిజమో తేలలేదు. రేడియో పెట్టె వెనక చెక్క తీసి లోపలి గాజు బుడ్లు చూపిస్తే పిల్లలు నోరెళ్ళబెట్టి చూస్తారే, అది చూస్తే ఇది మూతపడకూడదనిపిస్తుంది. మరో పక్క, నా ఫ్రెండ్స్‌ని తీసుకొస్తానంటే "గిదేమన్న పార్కా, మన ఇల్లు" అన్న మనిషీ ఈయనే కదా అనిపిస్తుంది. పైసలు అడిగేటప్పుడు ఊరిది, తాళం వేసేటప్పుడు మనది. వామన్‌రావు గారి అరుపులో నాకు సగం న్యాయం కనిపించింది. ఆ సగం నోట్లోనే పెట్టుకున్నాను.

గ్రాంటు కమిటీ చూడటానికి వచ్చే ముందు ఆయన ఇత్తడి సామానంతా ఆటోలో వేసుకుని గౌలిగూడ తీసుకెళ్ళారు, మెషీన్ మీద పాలిష్ పట్టించడానికి. నా చేతులకు ఈసారి చింతపండు మంట ఉండదు అనుకుంటూ హాయిగా టీ తాగాను. ఆ టీ తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

సాయంత్రం సామాను తిరిగొచ్చింది. అబ్బ, ఏం మెరుపు! ఒక్కొక్కటి పీటల మీద సర్దుతూ, అలవాటుగా నా బిందెను తిప్పాను, అక్షరాలున్న వైపు ముందుకు రావాలని. బొటనవేలు మెడ కింద తడుముకుంటూ పోయింది. ఇంకోసారి తిప్పాను. దీపం వేసి చూశాను. ఎక్కడ తాకినా నున్నగా ఉంది.

మా వైపు పెళ్ళి సామాను కొన్నప్పుడు గిన్నెల దుకాణంలోనే పేర్లు కొట్టిస్తారు. చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా. మామూలుగా తండ్రి పేరే కొట్టిస్తారు. మా అమ్మ ఒప్పుకోలేదు. "అన్నిటి మీద మీ నాయిన పేరు కొట్టిచ్చుకోన్రి. గీ బిందె నా కూలి పైసలది, దీని మీద నా పేరు కొట్టియ్యాలె" అని దుకాణం గడప మీద కూర్చుంది. 'ప్రభావతి బిడ్డ సునందకు' అని కొట్టించింది. చదువు రాని మనిషి. దుకాణదారు కొట్టిన అక్షరాలను వేలితో తడిమి, "గీడ నేనున్ననా? గీడ నువ్వున్నవా?" అని అడిగింది. రేషన్ కార్డూ ఓటరు కార్డూ వదిలేస్తే, మా అమ్మ తనంతట తాను తన పేరు రాయించుకున్న చోటు అదొక్కటే. అమ్మ పోయి చాలా కాలమైంది. నేను తోమేటప్పుడు ఆ చుక్కల దగ్గరకు రాగానే పీచు పక్కన పెట్టి, మెత్తటి గుడ్డతో అద్దేదాన్ని. అమ్మ వీపు రుద్దినట్టుండేది నాకు.

"పేరు పోయింది" అన్నాను.

"పేరేడికి పోతది? ఎట్ల మెరుస్తున్నయో జూడు."

"నన్నొక మాట అడగకపోయారా?"

"అడగనీకె ఏమున్నది? ఇంట్లవే గద" అన్నారు మా ఆయన, ఆటోవాడికిచ్చిన డబ్బుల గురించి విసుక్కుంటూ.

మూలన కుర్చీలో ఉన్న మా అత్తమ్మ జయమ్మకు చూపు సరిగ్గా లేదు. "సునందా, నాది?" అంది. పేరు కొట్టించి ఉన్న ఆమె గంగాళం దగ్గరకు చేయి పట్టుకుని తీసుకెళ్ళాను. అంచంతా తడిమింది. ఎప్పుడూ ఇంట్లో నా పనికి వంకలు పెట్టే మనిషి, ఆ రోజు "నున్నగున్నది" అని మాత్రం అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కమిటీ నుంచి భవ్యశ్రీ అనే అధికారి వచ్చింది. నాకంటే చిన్నది, మాటలో మర్యాద ఉంది. మా ఆయన అన్నీ తిప్పి చూపించారు. నేను రోజూ పిల్లలకు చెప్పే మాటలే, నా మాటలే, ఆయన నోట్లోంచి వస్తుంటే వింటూ టీ పట్టుకుని నిలబడ్డాను.

"ఇక్కడ పనిచేసేవాళ్ళు ఎంతమంది సార్?" అని అడిగింది ఆమె.

"ఎవ్వరు లేరు మేడం. అంతా మేమే, సేవ లెక్క చేస్తం."

"బాగుంది. ఒక్క విషయం. ప్రజల డబ్బు ప్రైవేటు ఇంటికి ఇస్తున్నాం కాబట్టి అడగాలి. ఈ వస్తువుల మీద ఇంట్లో ఇంకెవరికైనా హక్కుందా?"

"లేదు మేడం. అన్నీ మా నాయిన సేకరణే."

మా ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. చూడాలని కూడా తోచలేదు, అదే నన్ను పొడిచింది. బిందె ముందున్న చీటీ మీద 'ఇత్తడి బిందె, గోపాలరావు సేకరణ' అని ఉంది. ఆ చీటీ ఎన్నేళ్ళ నుంచో ఉంది. చుక్కల అక్షరాలు పక్కనే ఉన్నంతకాలం అది నాకు అబద్ధంలా కనిపించలేదు.

"ఉంది" అన్నాను.

ట్రే చేతిలోనే ఉంది. "ఈ బిందె మా అమ్మది. ఆ గంగాళం మా అత్తమ్మది. పేర్లు కొట్టించి ఉండేవి. మొన్ననే పోయినయి."

"ఔ, నాదే" అంది అత్తమ్మ కుర్చీలోంచి.

భవ్యశ్రీ టీ తాగలేదు. ఇంట్లో ఎవరివేవో తేల్చుకుని చెప్పండి, అందాకా ఫైలు ఆపుతాం అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు వేశాక ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. అలిసిపోయిన మనిషిలా పీట మీద కూర్చున్నారు. "మా నాయిన పానమంత గీడ్నే ఉన్నది సునందా. వానొస్తే మొత్తం పోతది. మీ అమ్మ పేరు చీటీ మీద రాపిస్త. హక్కు లేదని ఒక్క మాట చెప్పరాదు?"

జాలేసింది. నిజంగా వేసింది. ఆ కప్పు కింద నా వయసు కూడా ఉంది.

"అంతా ఊరి పేరు మీద రాసియ్యండి. అప్పుడు సర్కారు పైసలు అడగండి. మా అమ్మ బిందె నేనే నా చేతులతో ఇస్తాను."

"ఊరి పేరు మీదనా? పిచ్చిగిన లేసిందా? మనదెట్ల రాసిస్త?"

"అట్లయితే నాది నాకే ఉండనివ్వండి."

బిందె ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళాను. పంపు కింద పెట్టాను. మళ్ళీ పేరు కొట్టించాలని ఒక్క క్షణం అనిపించింది. కానీ అది నేను కొట్టించిన పేరవుతుంది. దుకాణం గడప మీద కూర్చుని అమ్మ కొట్టించుకున్నది మాత్రం పోయింది, ఎవరూ తెచ్చివ్వలేరు. బిందె నిండుతుంటే చూస్తూ బాగా ఏడ్చాను.

శుక్రవారం సాయంత్రం నేను ఇత్తడి తోమడానికి హాల్లోకి వెళ్ళలేదు. మర్నాడు జనం వస్తారు. ఇత్తడి మీద అప్పటికే వేలిముద్రలు పడి నల్లమచ్చలు లేస్తున్నాయి. ఆయన చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, "చింతపండు ఏడున్నది?" అని అడిగారు.

"పై అరలో, నల్లమూత డబ్బాలో. ముందు నానబెట్టుకోండి."

డబ్బా తీసుకుని వెళ్తున్నారు. అక్షరాల దగ్గర జర మెల్లగా రుద్దండి అని చెప్పబోయి, ఆగిపోయాను. ఇక ఎట్లా రుద్దినా ఒకటే.